స్వింగ్ ఆర్మ్ బుష్ పుల్లర్: ఏడేళ్ల వాడకం తర్వాత

బైకు వెనక చక్రాన్ని పట్టుకునే ఇనుప చేయి స్వింగ్ ఆర్మ్. అది ఊగే చోట గొట్టంలో బిగించి ఉండే, లోపల రబ్బరున్న ఇనుప తొడుగే బుష్. సుత్తి దెబ్బ పడకుండా ఆ బుష్ బయటికి రావడం మొదటిసారి చూసిన రోజు నాకింకా గుర్తే. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి వెళ్లింది. ఆ మరుసటి నెలే, బుష్‌ని లాగి తీసే ఈ పుల్లర్ కొన్నాను. ఒకవైపు గిన్నె ఆనించి, రెండోవైపు నుంచి రాడ్ దూర్చి, స్పానర్‌తో నట్టు తిప్పుతూ పోయాను. పనసతొన ఊడినట్టు బుష్ మొత్తం గిన్నెలోకి దిగింది. స్వింగ్ ఆర్మ్ గొట్టం మీద గీత కూడా లేదు.

అంతకుముందు మా షెడ్డులో ఈ పనంటే పొగే. గ్యాస్ మంటతో రబ్బరు కాల్చడం, మిగిలిన ఇనుప తొడుగులో హాక్సా బ్లేడు పెట్టి కోయడం, ఉలితో లోపలికి మడిచి తన్నడం. బ్లేడు కాస్త లోతుకి పోతే గొట్టమే తెగుతుంది. సుత్తితో కొడితే గొట్టం మూతి వెడల్పయి కొత్త బుష్ వదులుగా కూర్చుంటుంది. అలాంటి బండి నెల తిరక్కుండానే వెనక చక్రం ఊగుతోందంటూ మళ్లీ వస్తుంది.

టెక్కలిలో మా షెడ్డుకి వచ్చేవి చాలావరకు సముద్రం వైపు బండ్లే. భావనపాడు నుంచి చేపల పెట్టె కట్టుకుని తిరిగే బండికి, కరిగిన ఐసు నీళ్లు ఉప్పుతో కలిసి బొట్టుబొట్టుగా స్వింగ్ ఆర్మ్ మీదే పడతాయి. బుష్ తొడుగు, గొట్టం తుప్పుతో ఒకటైపోతాయి. అందుకే ఈ పనిముట్టుని అంతగా నెత్తిన పెట్టుకున్నాను. తెలిసిన మేస్త్రీలందరికీ కళ్లు మూసుకుని కొనమని చెప్పాను కూడా.

ఆ మాట ఇప్పుడు కొంచెం మార్చి చెప్పాలి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా. రెండేళ్ల కిందట, అది ముగిసే రోజు సాయంత్రం ఒక చేపల వ్యాపారి స్ప్లెండర్ తోసుకుంటూ వచ్చాడు. రెండు నెలలు కదలకుండా ఉన్న బండి. "మేస్త్రీ, యేకువకి ఒడ్డుకి పోవాల. బండి నేకపోతే బేరం నేదు" అన్నాడు. ఎడమ బుష్ పది నిమిషాల్లో వచ్చేసింది. కుడివైపు నట్టు బరువెక్కింది. డీజిలు పోసి, కాసేపు ఆగి, మళ్లీ తిప్పాను. టక్కుమంది. బుష్ కదిలిందనుకుని ఇంకో చుట్టు వేశాను. కదిలింది బుష్ కాదు. నట్టు మర రాడ్ మరని కరిచేసింది. అటూ తిరగదు, ఇటూ తిరగదు. పుల్లరే బండిలో ఇరుక్కుపోయింది. అప్పుడే కరెంటు పోయింది. ఆయన స్టూలు మీద కూర్చుని టార్చి పట్టుకున్నాడు, నేను హాక్సాతో రాడ్ కోశాను. తర్వాత మళ్లీ ఆ పాత మంట, ఆ పాత బ్లేడు. బండి బయటికెళ్లేసరికి రాత్రి పదకొండు దాటింది.

మర్నాడు నట్టుని రెండుగా కోసి చూశాను. లోపల మర అంతా కొబ్బరి పీచులా లేచిపోయి ఉంది. పుల్లర్‌తో ఇచ్చింది హార్డ్‌వేర్ షాపులో దొరికే మామూలు మెత్త ఇనుప మర రాడ్. నట్టు కింద ఉన్నది ఉత్త వాషరే. లాగే బరువంతా ఆ రాపిడి మీదే పడుతుంది.

కాశీబుగ్గలో లేత్ మీద ఈఎన్-8 అనే గట్టి ఉక్కుతో రాడ్ చేయించాను, నట్టు రెట్టింపు పొడవుతో పెట్టించాను. నట్టు కింద వాషర్ తీసేసి బరువు మోస్తూనే సులువుగా తిరిగే చిన్న థ్రస్ట్ బేరింగ్ వేశాను. ప్రతిసారీ మరకి గ్రీజు పూస్తున్నాను. అప్పట్నుంచి ఒక్కసారీ ఇరుక్కోలేదు. 12 ఎంఎం రాడ్ మర ఒక చుట్టుకి 1.75 మిల్లీమీటర్లు నడుస్తుంది. వదులు పోయాక రెండు చుట్లు తిప్పితే బుష్ మూడున్నర మిల్లీమీటర్లు జరగాలి. జరక్కపోతే ఆపేస్తాను, స్పానర్‌కి పైపు తొడగను. ఆ రాత్రి గిన్నెలోకి ఒకసారి తొంగి చూసుంటే రాడ్ మిగిలేది.

కొత్త బుష్ ఎక్కించడంలో మాత్రం దీనికి వంక పెట్టలేను. వంకర పోకుండా, అంచు నలగకుండా నిటారుగా దిగుతుంది. అయితే స్వింగ్ ఆర్మ్‌ని బండికి పట్టి ఉంచే పివట్ బోల్టు చివరి బిగింపు బండి చక్రాల మీద నిలబడ్డాకే వేయాలి. గాల్లో ఉండగా బిగిస్తే లోపలి రబ్బరు మెలిపడి ఉండిపోతుంది, తొందరగా చిరుగుతుంది.

నాకు నెలకి నాలుగైదు ఇలాంటి బండ్లు వస్తాయి, పక్కనే లేత్ పని తెలిసినవాళ్లున్నారు. కాబట్టి పెట్టిన తొమ్మిది వందలూ, రాడ్ ఖర్చూ ఎప్పుడో వచ్చేశాయి. ఏడాదికి ఒకటో రెండో చేసేవాళ్లు హైడ్రాలిక్ ప్రెస్ ఉన్న చోటికి స్వింగ్ ఆర్మ్ పట్టుకెళ్లడమే నయం. కొనేవాళ్లు గిన్నె, తోసే ముక్క బాగున్నాయో లేదో చూసుకోండి. రాడ్, నట్టు మాత్రం మొదటి బండికి ముందే మార్పించండి.