డిస్పోజల్ జీపా, జిప్సీయా? చెరువు గట్టు మీద ఏది మేలు

మిలిటరీ వాడి తీసేసిన మారుతి జిప్సీ ఒకటి నేను కొన్న దగ్గర్నుంచీ ఇదే ప్రశ్న. టీ కొట్టు దగ్గర ఒకరు, రొయ్యల పట్టుబడి రోజు కాటా పక్కన ఇంకొకరు, మొన్న పెళ్లిలో పెరుగన్నం కలుపుకుంటూ మరొకాయన: "ఏమండీ, మిలట్రీ బండి ఒకటి తీసుకుందామనుకుంటున్నాం, జీపు తీసుకోమంటారా, జిప్సీయా?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి నోరు నొప్పెడుతోంది, అందుకని ఒకేసారి రాసేస్తున్నాను. ఫోర్ వీల్ డ్రైవ్ అంటే ఏంటి, లో గేరు ఎప్పుడు వేయాలి లాంటివి మీకు తెలుసనే అనుకుంటున్నా.

నా రొయ్యల చెరువులు కోనసీమలో కాట్రేనికోన వైపు. తారు రోడ్డు దిగాక కిలోమీటరున్నర పుంత (మట్టిదారి), ఆ తర్వాత గట్టు. వేసవిలో ఆటో కూడా వస్తుంది. జులై నుంచి నవంబరు దాకా మాత్రం కాలినడక, లేదంటే ట్రాక్టరు. రాత్రి రెండింటికి చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ ఆగిందని కాపలా కుర్రాడు ఫోన్ చేస్తే ట్రాక్టరు కోసం ఎవర్ని లేపుతాం? ఆ అవసరం మీదే నేను జిప్సీ తీసుకున్నాను, నాకంటే ఏడాది ముందే మా బావమరిది మహీంద్రా ఎంఎం 540 డిస్పోజల్ జీపు, అంటే మిలిటరీ తీసేసినది, తీసుకున్నాడు. రెండూ ఒకే గట్టు మీద తిరుగుతున్నాయి, రెండూ నేను నడిపాను. కాబట్టి విని చెబుతున్నది కాదు.

కాగితాల గొడవ ముందు చెప్పేస్తాను, ఎందుకంటే అందులో నేను దాదాపు మునిగాను. మిలిటరీ, పారామిలిటరీ తీసేసిన బండ్లు కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ నడిపే ఆన్‌లైన్ వేలంలో పోతాయి, ఉన్నది ఉన్నట్టు. బ్యాటరీ ఉండదు, కార్బురేటర్ ఉంటే అదృష్టం. వేలంలో కొన్నవాడికి మిలిటరీ అధికారులిచ్చే ఫారం 21 సేల్ సర్టిఫికెట్ ఉంటేనే మన ఆర్టీఓ ఆఫీసులో రిజిస్ట్రేషన్‌కి తలుపు తెరుచుకుంటుంది. దానికి తోడు 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ బండ్లను స్క్రాప్‌కి పంపాలన్న నిబంధన వచ్చింది. దేశ రక్షణ పనుల్లో వాడే ప్రత్యేక వాహనాలకు మినహాయింపు ఉంది గానీ, వేలంలో చవగ్గా కొట్టేద్దామన్న ఆశ మాత్రం పెట్టుకోకండి. ఇప్పటికే సివిల్ ఆర్సీ అయి, ఒకరిద్దరి చేతులు మారిన బండే మీలాంటివారికి, నాలాంటివారికి క్షేమం.

అదీ చూసి కొనాలి. నాకు ఒక బ్రోకరు మొదట చూపించిన జిప్సీకి ఆర్సీ మెరిసిపోతోంది, ఇన్సూరెన్స్ ఉంది, రేటు కూడా బాగుంది. మా మేస్త్రి మాత్రం వైర్ బ్రష్ తీసుకుని కిందకి దూరి ఛాసిస్ నంబరు దగ్గర పెయింటు గీకాడు, దాని మీద తెల్ల కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దాడు. అంకెలు పడ్డాయి, వాటి చుట్టూ నాలుగు పలకలుగా ఒక గీత కూడా పడింది. వేరే బండి నుంచి నంబరున్న ముక్క కోసి తెచ్చి అతికించి, వెల్డింగును గ్రైండింగ్ చేశారన్నమాట. బ్రోకరు "ఆర్మీలో రిపేరు చేశారండి" అన్నాడు. మేం టీ కూడా తాగకుండా వచ్చేశాం. పెన్సిల్, కాగితం జేబులో పెట్టుకోకుండా బండి చూడ్డానికి వెళ్లకండి.

ఇంకో రెండు ముక్కలు. ఆ ఆలివ్ గ్రీన్ రంగు మీద మనసు పడ్డారేమో, అది రక్షణ శాఖ బండ్లకే, మనం వేయకూడదని మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. నాది ఇప్పుడు బూడిద రంగు. రెండోది, జిప్సీలో డీజిల్ ఇంజన్ దింపినవి చాలా కనిపిస్తాయి, ఊరిస్తాయి కూడా. ఆర్సీలో పెట్రోలు, బానెట్ కింద డీజిల్. ఫిట్‌నెస్ దగ్గర ఒకసారి, యాక్సిడెంటయితే ఇన్సూరెన్స్ దగ్గర ఇంకోసారి ఏడవాలి. కంపెనీ ఇచ్చినదానికి భిన్నంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019లోనే చెప్పింది.

ఇక అసలు సంగతి. అందరూ మైలేజీ అడుగుతారు, ఇంజన్ అడుగుతారు, స్పేర్లు అడుగుతారు. బరువెంత అని ఒక్కరూ అడగరు. మన డెల్టాలో తేల్చేది అదే.

కొండ ప్రాంతాల్లో బండి నడిపేవాళ్లు ఒక మాట చెబుతుంటారు: సన్న టైరు వేయండి, పైన బురదను కోసుకుని కింద గట్టి నేలను పట్టుకుంటుంది అని. వాళ్లకి కింద గట్టి నేల ఉంది కాబట్టి ఆ మాట చెల్లింది. మనకి పైన అరడుగు బురద, దాని కింద ఇంకా మెత్తటి రేగడి. టైరు ఎంత కోస్తే అంత లోపలికి పోతుంది. రెండు చుట్లు తిరిగేసరికి గాడుల్లో మట్టి నిండిపోయి టైరు గుండు గీసినట్టు నున్నగా అయిపోతుంది, ఇక అది ఎంత ఖరీదైన మడ్ టైరైనా ఒకటే. అలాంటి చోట పైపైన తేలిపోయే బండే దాటుతుంది. బరువున్నది కూర్చుంటుంది.

ఒకరోజు నాదంటే నాది మంచిదని ఇద్దరం పట్టు పట్టి రైసు మిల్లు కాటా మీదకి రెండు బళ్లూ ఎక్కించాం. గుడ్డ టాపు, స్టెప్నీ, పనిముట్ల పెట్టె అన్నీ కలిపి నా జిప్సీ 1,060 కిలోలు. వాడి జీపు, ఇనుప టాపు వేయించాడు, ముందు రైలు పట్టాలాంటి బంపరొకటి బిగించాడు, 1,470. అంటే వాడు ఖాళీ బండి నడుపుతున్నా నాకంటే పాతిక కిలోల మేత బస్తాలు పదహారు ఎక్కువ మోస్తున్నట్టే. పైగా ఇనుప డీజిల్ ఇంజన్ బరువు ముందే ఉంది, అందుకే జీపు దిగబడితే ముందు మూతి దిగుతుంది, బానెట్ వంగి దణ్ణం పెడుతున్నట్టు ఉంటుంది.

గట్టు సంగతి ఇంకా ముఖ్యం. మన గట్లు జేసీబీతో పక్క మట్టి ఎత్తి పోసినవి, ఎవరూ రోలరు తొక్కించి వేయలేదు. వాన పడ్డాక గట్టు అంచు లోపల నానిపోయి, పైకి మాత్రం బాగానే కనిపిస్తుంది. నిరుడు ఆశ్వయుజంలో మా బావమరిది ఎదురొచ్చిన మోటారు సైకిలుకి దారివ్వబోయి జానెడు పక్కకి జరిపాడు. అంచు అలా పలకలా జారిపోయింది. జీపు వాలి ఆగింది గానీ గట్టు నెర్రె విచ్చి నీళ్లు పక్క చెరువులోకి పోవడం మొదలైంది. ఆ రాత్రి ఇసుక బస్తాలు వేయడానికి ఆరుగురం పట్టాం. రొయ్య నలభై కౌంటు (కిలోకి నలభై) మీద ఉన్న చెరువది. బండి దిగబడితే ట్రాక్టరు వస్తుంది, గట్టు తెగితే ఏం వస్తుంది?

జిప్సీ వెడల్పు అయిదడుగుల మీద ఒక అంగుళం లోపు, అంచుకి చోటు మిగులుతుంది. టైర్లలో గాలి 26 పీఎస్‌ఐ నుంచి 15కి దింపితే పాదం పరుచుకున్నట్టు పరుచుకుంటుంది, నిమ్మళంగా పోతుంది. తారు రోడ్డెక్కాక మళ్లీ గాలి కొట్టుకోవాలి, సిగరెట్ లైటర్‌కి తగిలించే చిన్న పంపు ఒకటి సీటు కింద ఉంచాను.

జిప్సీ దిగబడదని కాదు. మొదటి నెలలోనే దిగబడ్డాను, అదీ నా తెలివితక్కువతనం వల్ల. నా బండికి ముందు చక్రాల హబ్బులు చేత్తో తిప్పి లాక్ చేసుకునేవి. అవి ఫ్రీలో ఉంటే లోపల లివరు ఫోర్ వీల్‌లో వేసినా ముందు చక్రాలకు శక్తి అందదు. ఆ సంగతి చక్రం సగం మునిగాక గుర్తొచ్చింది. లుంగీ ఎగ్గట్టి బురదలో మోకాళ్ల మీద కూర్చుని, హబ్బు చుట్టూ అట్టకట్టిన మట్టిని వేళ్లతో తవ్వితీసి, జారిపోతున్న ఆ చిన్న పిడిని చొక్కా చెంగుతో పట్టుకుని తిప్పితే 'టక్'మంది. అటువైపు హబ్బు ఇంకా లోతులో ఉంది. అప్పట్నుంచి తారు రోడ్డు దిగే మలుపు దగ్గరే రెండూ లాక్ చేసుకుంటున్నాను, పొడినేల అయినా సరే.

మైలేజీ కూడా చెప్పేస్తా, లేకపోతే ఊరుకోరు. నాకు లీటరుకి తొమ్మిది, వాడికి డీజిల్ మీద పన్నెండు. రోజుకి ఇరవై కిలోమీటర్ల లెక్కన నెలకి ఆరొందలు. నాకు 67 లీటర్ల పెట్రోలు, వాడికి 50 లీటర్ల డీజిలు. మన రేట్లలో తేడా నెలకి రెండున్నర వేలకి మించదు. వానాకాలంలో దమ్ము చక్రాలున్న ట్రాక్టరుని రెండుసార్లు పిలిస్తే ఆ లాభం కాస్తా పోతుంది, వాడు మూడుసార్లు పిలిచిన నెల ఉంది.

జీపు పక్షాన చెప్పాల్సినవి ఉన్నాయి, దాచను. ఫ్రెంచి కంపెనీ పూజో డిజైను 2,112 సీసీ డీజిల్‌కి స్పార్కు అవసరం లేదు, కాబట్టి ఇంజన్ గాలి పీల్చుకునే చోటికి నీళ్లు అందనంత వరకు తడిసి ఆగే భయం లేదు. నా పెట్రోలు బండి మోకాల్లోతు నీళ్లలో కాస్త వేగంగా పోతే డిస్ట్రిబ్యూటర్ తడిసి దగ్గుతుంది, ఆగి గుడ్డతో తుడవాలి. (వరద మాట ఎత్తకండి. 2022 జులై లాంటి గోదారి వస్తే లంకల్లో జీపూ లేదు, జిప్సీ లేదు, పడవే.) జీపు రేకు మందం, పలకలన్నీ సాపుగా ఉంటాయి, అమలాపురంలోనో రావులపాలెంలోనో ఏ వెల్డింగు షాపువాడైనా కొత్త పలక కోసి అతికించేస్తాడు. జిప్సీ రేకు పల్చన. మనది ఉప్పు గాలి, ఉప్పు నీళ్ల చెరువులు. ఫ్లోరు, అద్దం ఫ్రేము కింది అంచు, వెనక కమాను పట్టీలు ఛాసిస్‌కి తగిలే చోటు, ఈ మూడింటినీ ముందు తుప్పు తింటుంది. స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి, దిగితే ఆ బండి వదిలేయండి. సముద్రతీరంలో పనిచేసిన బండి కంటే రాజస్థాన్, పంజాబ్ వైపు తిరిగిన బండికి తుప్పు తక్కువ. నాది పఠాన్‌కోట్ వైపు నుంచి వచ్చిందట, కింద దుమ్ము ఎర్రగా ఉండేది. కొన్న వారంలోనే కడిగించి, ఆరబెట్టి, పాత ఇంజన్ ఆయిల్ స్ప్రే కొట్టించాను, ఆర్నెల్లకోసారి కొట్టిస్తాను. ఇల్లంతా వాసన అని మా ఆవిడ కోపం.

స్పేర్ల భయం మాత్రం జిప్సీకి పెట్టుకోనక్కర్లేదు. 1.3 లీటర్ ఇంజన్ మారుతి ఎస్టీమ్ కారులో ఉన్న కుటుంబమే, చాలా సామాను దొరుకుతుంది. 1985లో వచ్చిన మొదటి రకం 970 సీసీ మాత్రం వద్దు, అది సేకరించుకునేవాళ్లకి. 2000 తర్వాతి ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు పెట్రోలుని ఇంజెక్టర్లతో చిమ్మే రకం) దొరికితే మంచిదే, 80 హార్స్ పవర్, చలికాలం పొద్దున్నే ఒక్క తిప్పుకే అందుకుంటుంది. 216 హైవే మీద నా బండి ఎనభైలో పోతుంది, జీపు అరవై దాటితే స్టీరింగు చేతుల్లో ఊగుతుంది. నడుము మాట అడిగితే, రెండూ కమాను పట్టీలే, రెండూ కుదిపేస్తాయి.

మిగతావి క్లుప్తంగా. జోంగా: 2019లో ధోనీ కొన్న దగ్గర్నుంచి కుర్రాళ్లంతా అడుగుతున్నారు. జబల్‌పూర్ ఫ్యాక్టరీలో నిస్సాన్ పాట్రోల్ (Patrol) మోడల్ మీద చేసిన బండి, దాదాపు నాలుగు లీటర్ల ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజన్. చూడ్డానికి రాజసం, తాగడానికి ఏనుగు, మన గట్టు మీదకి ఎక్కిస్తే గట్టే జాలి పడుతుంది. పాత విల్లీస్ జీపు పండగకి ఊరేగింపు కోసం. శక్తిమాన్ మిలిటరీ లారీ అడిగినాయన ఒకరున్నారు, ఆయనకి దణ్ణం పెట్టాను. మారుతి వారి కొత్త జిమ్నీ మంచిదే, కానీ ఆ డబ్బుతో ఇంకో రెండెకరాలు లీజు తీసుకోవచ్చు.

ఇంకొకటి చెప్పకపోతే అన్యాయం. మొన్న వానకి రాత్రి పదకొండింటికి ఫోను: "బావా, నీ దగ్గర తాడుందా?" వెళ్లాను. జీపు మురుగు కాలువ పక్కన మూతి దించి కూర్చుంది. నైలాన్ తాడు కట్టి, హబ్బులు లాక్ చేసి, లో గేరులో లాగాను. జీపు అంగుళం కదల్లేదు. నా జిప్సీయే నాలుగు చక్రాలూ తిరుగుతూ వెనక్కి, దాని దగ్గరికి జారుకుంటూ పోయింది. వాడు బురదలో నిలబడే నవ్వడం మొదలుపెట్టాడు. "కాటా మీద నువ్వే గెలిచావు కదా బావా," అన్నాడు. చివరికి ట్రాక్టరు వాణ్ణే లేపాం.