"ఒంట్లో ఎక్కడ తెలుస్తోంది?" అని అడిగే కౌన్సెలర్ దగ్గర రెండేళ్లు

విజయవాడలో ఒక మేడమ్ దగ్గరికి రెండేళ్ల నాలుగు నెలలుగా కౌన్సెలింగ్‌కు వెళ్తున్నాం. మొదట నేనొక్కణ్నే, తర్వాత మా ఆవిడ, అబ్బాయి కూడా. నన్ను ఇన్నాళ్లు అక్కడ నిలబెట్టింది ఒకే ప్రశ్న. ఏ బాధ చెప్పుకున్నా మేడమ్ "అది ఒంట్లో ఎక్కడ తెలుస్తోంది?" అంటారు. జవాబు వచ్చేదాకా తొందరపెట్టరు.

నేను వెళ్లింది ఛాతీలో బిగుతుతో. ఈసీజీ, టూడీ ఎకో నార్మల్ వచ్చాక గుండె డాక్టరుగారే పంపారు. మొదటి రోజు మేడమ్ నిద్ర గురించి అడిగారు, థైరాయిడ్ చూపించుకున్నారా అన్నారు, రాత్రి భోజనం ఎవరితో కలిసి చేస్తారన్నారు. ఆ చివరిదానికి ఏం చెప్పాలో తోచలేదు. టీవీ ముందు ఒక్కణ్నే తినడం అలవాటై ఏళ్లయింది.

ఆరో నెలలో ముగ్గురినీ రమ్మన్నారు. అబ్బాయి అప్పుడు నీట్ లాంగ్ టర్మ్‌లో ఉన్నాడు, ఇంట్లో నోరు విప్పేవాడు కాదు. అదే ప్రశ్న వాణ్నీ అడిగారు. చాలాసేపు కిటికీ వైపు చూసి, "నాన్న బండి స్టాండ్ వేసిన చప్పుడు వినగానే ఇక్కడ పట్టేస్తుంది" అని కడుపు మీద చెయ్యి పెట్టాడు. వాడి మీద నేనెప్పుడూ చెయ్యి చేసుకోలేదు. గుమ్మంలో చెప్పులు విప్పకుండానే వీకెండ్ టెస్టులో ఎన్ని మార్కులని అడిగేవాణ్ని, అంతే. మా ఆవిడ తల దించుకుంది. ఆమెకు ముందే తెలుసని అప్పుడర్థమైంది.

అంతలో టైమ్ అయిపోయింది. మిగతాది వచ్చే వారం అన్నారు. బందరు రోడ్డు మీద ఆటోలో ముగ్గురం ఒక్క మాట లేకుండా ఇంటికొచ్చాం. ఆ వారమంతా నాకు నిద్ర లేదు. కోపంతో తర్వాతి రెండు సెషన్లకు వెళ్లలేదు. పుండు కెలికి కట్టు కట్టకుండా పంపేశారనిపించింది. మూడోసారి వెళ్లి ఆ మాటే చెప్పాను. మేడమ్ సమర్థించుకోలేదు, పొరపాటు తనదేనన్నారు. అప్పట్నుంచి చివరి పావుగంటలో కొత్త విషయం ఎత్తరు.

మేడమ్ నేర్పేది మైండ్‌ఫుల్‌నెస్, అంటే ఈ క్షణంలో ఒంట్లో, మనసులో ఏం జరుగుతోందో గమనించడం. మొదట్లో దాన్ని పొగుడుతూ కనిపించిన ప్రతివాడికీ చెప్పాను. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో జాన్ కబాట్-జిన్ అనే ఆయన మొదలుపెట్టిన ఎనిమిది వారాల శిక్షణ నుంచి మేడమ్ కొన్ని అభ్యాసాలు తీసుకున్నారు. కళ్లు మూసుకుని శ్వాసను గమనించడం అందులో ఒకటి. నిజానికి అది నాకు పడలేదు. ఛాతీ బిగుసుకుపోయేవాణ్ని ఊపిరి చూసుకోమంటే, బిగుతే ఇంకా ఎక్కువ తెలిసింది. మూడు వారాలు ఓర్చుకుని చెప్పాను. వెంటనే మార్చారు: కళ్లు తెరిచే ఉంచి, పాదాలు నేలకు ఆనిన చోటు మీద ధ్యాస పెట్టడం. అందుకే మొదట్లో అందరికీ చెప్పిన ఆ పొగడ్తలోంచి శ్వాస సంగతి తీసేస్తున్నాను.

అందరూ వెళ్లండని మాత్రం అనలేను. మాకు నెల జీతం ఉంది, మేడమ్ క్లినిక్ ఇంటికి దగ్గర. మానసిక అనారోగ్యానికీ బీమా ఇవ్వాలని 2017 చట్టం చెబుతున్నా, మా పాలసీ ఆసుపత్రిలో చేరితేనే పనిచేస్తుంది. ఫీజులన్నీ చేతి నుంచే పెట్టాం. అంత కుదరనివాళ్లు ముందు 14416కి ఫోన్ చేయొచ్చు. అది ఫోన్‌లో మానసిక సమస్యలకు సాయం చేసే ప్రభుత్వ సేవ టెలీ మానస్, డబ్బు కట్టక్కర్లేదు. ఇంట్లో మిగతావాళ్లు రామంటే ఈ పద్ధతి సగమే అందుతుందని నా అనుభవం.

అబ్బాయి ఇప్పుడు బీఫార్మసీలో ఉన్నాడు. నేను బండి స్టాండ్ వేశాక మెట్టు మీద రెండు నిమిషాలు కూర్చుని, పాదాలు నేలకు ఆనించి, అప్పుడు లోపలికి వెళ్తున్నాను. చదువు సంగతి అడగడం మానలేదు, ముగ్గురం భోజనానికి కూర్చున్నాక అడుగుతున్నాను. నెలాఖరు టెన్షన్‌లో ఛాతీ బిగుతు ఇప్పటికీ వస్తుంది. నీకు కడుపులో ఎలా ఉందిరా అని మొన్న వాణ్ని అడిగితే, "తగ్గింది నాన్నా, కానీ ఆ చప్పుడు కోసం మాత్రం ఇంకా చెవి పెట్టి వింటుంటాను" అన్నాడు.