రీఫ్ ట్యాంకుకు సున్నపు తేట: ఎండాకాలాలు కూడా చూశాక

రీఫ్ ట్యాంకుకు, అంటే పగడాలు పెంచే ఉప్పునీళ్ల అక్వేరియానికి, కావాలంటూ అమ్మే రంగు రంగుల సీసాలన్నీ ఒక ఎత్తు, ప్యాకెట్లో వచ్చే తెల్లటి కాల్షియం హైడ్రాక్సైడ్ పొడి ఒక్కటీ ఒక ఎత్తు. హాబీలో దీన్ని కాల్క్‌వాసర్ అంటారు, మన ఇళ్లలో సున్నపు తేట. పొడిని నీళ్లలో కలిపి, మడ్డి దిగాక పైన తేరిన నీళ్లను వాడాలి. ఆవిరైపోయిన నీళ్లకు బదులు ఈ తేట పోస్తే కాల్షియం, కేహెచ్ (నీళ్ల క్షారగుణం, డిగ్రీల్లో కొలుస్తారు) రెండూ కోరల్స్ (పగడాలు) రాతి గూడుకు వాడుకునే పాళ్లలోనే చేరతాయి. ఒకటి పెరిగి ఒకటి తరిగే పంచాయితీ ఉండదు. ఏసీ కోసం తలుపులు మూసిన గదిలో రాత్రిళ్లు పీహెచ్ పడిపోవడం నాకు పెద్ద టెన్షన్‌గా ఉండేది. గదిలో పేరుకున్న కార్బన్ డయాక్సైడ్ నీళ్లలోకీ దిగుతుంది, తేట దాన్ని పట్టేసుకుంటుంది. ఇది మొదలుపెట్టాక తెల్లవారి చూసినా పీహెచ్ 8.1 దగ్గరే నిలబడింది.

ప్యాకెట్ మీద ఫుడ్ గ్రేడ్ అని ఉన్నదే కొనండి. పాన్ డబ్బా సున్నం, గోడలకు వేసే సున్నం వద్దు, వాటిలో ఇంకేం కలుస్తాయో చెప్పలేం. నీళ్లు మాత్రం ఆర్‌వో, ఆ పైన మిగిలిన లవణాలను పట్టేసే డీఐ ఫిల్టరు దాటి టీడీఎస్ (కరిగిన లవణాల లెక్క) సున్నా చూపించాలి. ఫ్లోరైడ్ నీళ్లకు పటిక, సున్నం కలిపే పద్ధతికి ఏకంగా ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరున్న జిల్లా మాది. ఇక్కడి బోరు నీళ్లు ట్యాంకులో పోసే ధైర్యం నాకైతే లేదు.

ఇక సీసాల సంగతి. అయోడిన్, స్ట్రాన్షియం, ట్రేస్ ఎలిమెంట్స్, అమినో యాసిడ్స్ అని ఒక సెట్ అంటగట్టిన షాపాయన “ఇవి లేకుంటే కోరల్స్ రంగు పోతయి అన్నా” అన్నాడు. సముద్రపు నీళ్లలో స్ట్రాన్షియం 8 పీపీఎం, అయోడిన్ 0.06 పీపీఎం. ఆ రెండూ సముద్రపు నీళ్లు తయారుచేయడానికి మనం కలిపే సాల్ట్‌లోనే వస్తాయి. ఇంట్లో నమ్మకంగా కొలవలేని దాన్ని చుక్కలు లెక్కపెట్టి పోయమంటే ఏ లెక్కన పోయాలి? అమినో యాసిడ్స్ వాడినన్నాళ్లూ గాజు మీద గోధుమరంగు పాచి తప్ప నాకు కనిపించిన మార్పేమీ లేదు. సెట్ అయిపోయాక మళ్లీ కొనలేదు. నా దగ్గరున్న జోవాల (గుండీల్లాంటి చిన్న సాఫ్ట్ కోరల్స్) రంగు అలాగే ఉంది.

డబ్బు పెట్టాల్సింది కేహెచ్ టెస్ట్ కిట్ మీద. సిరంజితో ఒక్కో చుక్క వేస్తూ చిన్న సీసాను ఊపుతుంటే నీలంగా ఉన్న నీళ్లు ఉన్నట్టుండి గులాబీ రంగులోకి తిరుగుతాయి. ఏం వేయాలో, అసలు వేయాలో వద్దో చెప్పేది ఆ రంగే. కేహెచ్ ఒక్కటే తగ్గితే వంటసోడా చాలు. వంద లీటర్లకు 3 గ్రాములు కరిగించి పోస్తే ఒక డిగ్రీ పెరుగుతుంది. బేకింగ్ పౌడర్ మాత్రం కాదు.

ఇప్పుడు ఆ మే నెల సంగతి. నా ట్యాంక్ సంప్‌తో (కింద ఉండే ఫిల్టరు తొట్టి) కలిపి రెండొందల లీటర్లు. పక్కన ఇరవై లీటర్ల క్యాన్ నిండా పలుచని తేట, సంప్‌లో నీటిమట్టం చూసే ఫ్లోట్ స్విచ్ చెప్పినప్పుడు మోటారు కొంచెం కొంచెంగా తోడేది. ఒక రాత్రి సంప్‌లోకి జారిన నత్త ఒకటి వెళ్లి సరిగ్గా ఆ ఫ్లోట్ మీదే కూర్చుంది. నీళ్లు తగ్గాయనుకుని మోటారు క్యాన్ మొత్తం తోడేసింది. తెల్లారి చూస్తే సంప్ అంచు దాకా నిండి ఉంది, ట్యాంకులో నీళ్లు బియ్యం కడిగిన కుడితిలా ఉన్నాయి. క్లౌన్ చేపలు రెండూ పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. పీహెచ్ 9 దాటింది, ఎప్పుడూ 8 దగ్గరుండే కేహెచ్ 11కి చేరింది, 1.025 ఉండాల్సిన గ్రావిటీ (ఉప్పదనం కొలత) 1.023కి పడింది.

అప్పుడు ఆదుకున్నది గల్లీ చివరి దుకాణంలో దొరికే సోడా. ఫ్లేవర్, చక్కెర లేని ప్లెయిన్ సోడా. అందులోని కార్బన్ డయాక్సైడ్ పీహెచ్‌ని కిందికి లాగుతుంది. తమ్ముణ్ని పంపి తెప్పించి, పీహెచ్ చూసుకుంటూ సంప్‌లో మోటారు దగ్గర కొద్దికొద్దిగా పోశాను, పక్కన ఎయిర్ పంప్ ఆన్ చేసి పెట్టాను. మొత్తం మీద ఒక్క సీసా కూడా పూర్తిగా పట్టలేదు. “ఏందిర బిడ్డా, చేపలకు సోడా తాపుతున్నవా?” అంది నాయనమ్మ. మధ్యాహ్నానికి నీళ్లు తేటపడ్డాయి, చేపలు కిందికి దిగాయి. జీనియా అనే సాఫ్ట్ కోరల్ మాత్రం సాయంత్రానికి జిగురులా కరిగిపోయింది. మష్రూమ్ కోరల్స్ ముడుచుకుపోయి, మెల్లగా మళ్లీ విచ్చుకున్నాయి.

నత్తను పక్కన పెట్టినా, టాప్-అప్‌లో (ఆవిరైన నీళ్లకు బదులు పోసే నీళ్లలో) తేట కలపడం మన ఎండలకు సరిపడేది కాదు. చలికాలంలో ఆవిరయ్యేది కొంచెమే. ఏప్రిల్, మే నెలల్లో సంప్ మీద ఫ్యాన్ పెడితే నీళ్లు అంతకు ఎన్నో రెట్లు పోతాయి, వాటితో పాటే సున్నమూ ఎక్కువ పడుతుంది. ట్యాంకులో ఖర్చయ్యేది మాత్రం అంతే కదా! అందుకే ఇప్పుడు టాప్-అప్‌కి వట్టి ఆర్‌వో నీళ్లు. తేట వేరే రెండు లీటర్ల డబ్బాలో, చిన్న డోసింగ్ పంపుతో, రాత్రిపూటే. పంపు ట్యూబులో తెల్లగా పెచ్చు కడుతుంది, అప్పుడప్పుడు వెనిగర్‌తో కడగాల్సిందే. ఆ 8.1 ఘనత కూడా మొత్తం సున్నానిదే అనలేను. కిటికీ తెరిచి పడుకున్న రాత్రుల్లో తేట లేకున్నా దాదాపు అంతే వచ్చింది.

నావి సాఫ్ట్ కోరల్సే. రాతి గూడు కట్టే కోరల్స్ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, వాటి జోలికి పోలేదు. కాబట్టి కాల్షియం వాడుకునేది రాళ్ల మీది ఊదారంగు ఆల్గీ, ఆ నత్తలు, అంతే. కేహెచ్ వారానికి ఒక డిగ్రీ కూడా పడదు. క్రమం తప్పకుండా పది శాతం వాటర్ చేంజ్ చేసేవాళ్లకు తేట కూడా అక్కర్లేదేమో. ఊళ్లకు తిరిగే ఉద్యోగం నాది, వాటర్ చేంజ్ తరచూ వాయిదా పడుతుంది, అందుకే నాకు పనికొస్తోంది.

మెగ్నీషియం సాల్ట్‌తోనే 1300 పీపీఎం దగ్గర నిలబడుతోంది. దానికోసం కొన్న సీసా మూత కూడా తీయలేదు. నల్లగొండ దగ్గర్లో ఎవరికైనా అవసరముంటే వచ్చి ఊరికే తీసుకెళ్లవచ్చు.