అనంతగిరిలో మూడు రోజుల రచనా శిబిరం: ఒక అధ్యాపకురాలి సమీక్ష

పీహెచ్‌డీ పట్టా చేతికొచ్చి రెండేళ్లయినా, పాలమూరు చెరువుల మీద నేను రాసిన సిద్ధాంత గ్రంథంలోని మూడో అధ్యాయం జర్నల్‌కు పంపదగిన వ్యాసంగా మారలేదు. వారానికి 16 గంటల పాఠాలు, కళాశాలల నాణ్యతను మదింపు చేసే నాక్ సంస్థ కోసం ఫైళ్లు, ఇన్విజిలేషన్, జవాబు పత్రాల వాల్యుయేషన్ పోగా మిగిలిన వేళల్లో రాద్దామని కూర్చుంటే, పాత పేరాలు మళ్లీ చదువుకోవడంతోనే రాత్రి గడిచిపోయేది. ఆ స్థితిలో, కొత్తగా ఉద్యోగాల్లో చేరిన అధ్యాపకులకూ పరిశోధక విద్యార్థులకూ కలిపి వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లోని ఒక రిసార్టులో నిర్వహించిన రచనా శిబిరానికి వెళ్లాను. వసతి, భోజనాలతో కలిపి రుసుము 8,500 రూపాయలు. మొత్తం 14 మందిమి.

స్కాట్లాండ్‌లో ప్రొఫెసర్ రొవీనా మరే ప్రచారంలోకి తెచ్చిన పద్ధతినే ఇక్కడ అనుసరించారు. ఎవరి గదిలో వారు తలుపులు మూసుకొని రాయడం ఇందులో ఉండదు. అందరూ ఒకే హాల్లో కూర్చొని, ఒకే వేళకు మొదలుపెట్టి, ఒకే వేళకు ఆపాలి. ఉదయం తొమ్మిదిన్నర నుంచి నాలుగు విడతల్లో రోజుకు ఐదున్నర గంటలు రాస్తాం. ఆ సమయంలో ఇంటర్నెట్ వాడకూడదు కాబట్టి, కావలసిన వ్యాసాలన్నీ ముందే డౌన్‌లోడ్ చేసుకొని రావాలి.

మొదటి ఉదయం పోస్టుకార్డంత కాగితం ఇచ్చి ఆ విడత లక్ష్యం రాయమన్నారు. నేను ‘మూడో అధ్యాయాన్ని వ్యాసంగా మార్చాలి’ అని రాశాను. నిర్వాహకురాలు అది చదివి, ‘ఇది మూడు నెలల పని మేడమ్, పదకొండింటిలోపు ఏం రాస్తారో అది చెప్పండి’ అన్నారు. దాన్ని కొట్టేసి, ‘బోరుబావులు వచ్చాక ఊళ్లో చెరువు నీటిని పొలాలకు పంచే నీరటి పని ఎలా తగ్గిపోయిందో చెప్పే మూడు పేరాలు, 450 మాటలు’ అని రాసుకొని, పక్క కుర్చీలోని ఆమెకు చదివి వినిపించాను. పదకొండింటికి గంట కొట్టేసరికి 380 మాటలు వచ్చాయి. వాటిలో సగం తర్వాత తీసేయవలసి వచ్చినా, ఏడాదిన్నరగా కదలని విభాగం ఆ గంటన్నరలో కదిలింది. పక్కవాళ్లు తలెత్తకుండా రాస్తూ ఉంటే మనకూ లేవబుద్ధి కాదు. ఈ శిబిరం విలువంతా నాకు అక్కడే కనిపించింది.

లోపాలు కూడా చెప్పాలి. రెండో సాయంత్రం రిసార్టు పచ్చికలో పెళ్లి విందు పెట్టడంతో, మైకుల హోరులో చివరి విడత సాగలేదు. మూడో రోజు మధ్యాహ్నం రాసే విడతను రద్దు చేసి జర్నళ్ల ఎంపికపై ప్రసంగం ఏర్పాటు చేశారు. యూజీసీ తాను గుర్తించిన జర్నళ్ల పట్టిక అయిన కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో నిలిపివేశాక, ఏ జర్నల్ నమ్మదగినదో తేల్చుకోవలసిన భారం విశ్వవిద్యాలయాలతో పాటు మన మీదా పడింది కాబట్టి ఆ విషయం అవసరమైనదే. కానీ దాన్ని రాత్రి భోజనం తర్వాత పెట్టుకుంటే ఎవరి రాతా ఆగేది కాదు.

సమాచారమంతా చేతిలో ఉండి, రాయడం ఒక్కటే మిగిలినవారికి ఈ శిబిరాన్ని గట్టిగా సిఫారసు చేస్తాను. ఇంటర్వ్యూలను ఇంకా విశ్లేషించకుండా వచ్చిన ఒక పరిశోధకుడు రెండు రోజుల పాటు నోట్సు తిరగేయడంతోనే సరిపెట్టుకోవలసి వచ్చింది. నేను మూడు రోజుల్లో 2,900 మాటలు రాసి, ఆరు వారాల తర్వాత వ్యాసాన్ని జర్నల్‌కు పంపగలిగాను.

నన్ను ఎక్కువగా బాధించింది మరొకటి. పిల్లలను తీసుకురాకూడదని ప్రకటనలోనే రాశారు. నా పక్కన కూర్చున్న ఆమె ఎనిమిది నెలల పాపను తన తల్లి దగ్గర వదిలి వచ్చి, పాపకు జ్వరమని ఫోను రావడంతో రెండో రాత్రే వెళ్లిపోయారు. ఆమె బల్ల మీద మర్నాటి లక్ష్యం రాసిన కాగితం అలాగే ఉండిపోయింది. న్యూజీలాండ్‌లో బార్బరా గ్రాంట్ అనే అధ్యాపకురాలు మహిళా అధ్యాపకుల కోసమే ప్రత్యేకంగా ఇలాంటి శిబిరాలు నడిపారు. ఇక్కడ కనీసం పాపతో పాటు అమ్మమ్మ కూడా ఉండేందుకు ఒక గది ఇచ్చినా చాలు, అదనపు రుసుము కట్టడానికి ఆమె సిద్ధంగానే ఉన్నారు. నిర్వాహకులకు ఈ మాట రాతపూర్వకంగా పంపాను. తర్వాతి ప్రకటనలో ఆ షరతు మారితే మేమిద్దరం కలిసి పేర్లు ఇస్తాం.