డల్లాస్ చుట్టుపక్కల లెదర్ కోరల్ ఫ్రాగులు కొనేవారికి హెచ్చరిక

డల్లాస్ పరిసరాల్లో సముద్రపు అక్వేరియం పెంచే మన తెలుగువారికి ఆ గ్యారేజీ అమ్మకందారు ఎవరో నేను వేరుగా చెప్పనక్కరలేదు. వాట్సాప్ గ్రూపులో వారం వారం నీలికాంతిలో మెరిసిపోయే ఫొటోలు పెట్టేది ఆయనే. ఆయన దగ్గర మొన్న శనివారం 140 డాలర్లు పోసి ఎల్లో ఫిజీ లెదర్ అనే పసుపురంగు మెత్తని పగడం ఫ్రాగ్, అంటే తల్లి పగడం నుంచి కోసి తీసిన ముక్క, ఒకటి కొన్నాను. ఆరు నెలలుగా తమ ట్యాంకులోనే పెరుగుతోందని, కోత పూర్తిగా మానిందని, ప్లగ్‌ను (ముక్కను నిలబెట్టే చిన్న దిమ్మను) గట్టిగా పట్టుకుందని ప్రకటనలో రాశారు. ఇప్పుడే దాన్ని చెత్తలో పారేసి, చేతులకు ఆ వాసన వదలకముందే ఇది రాస్తున్నాను.

గ్యారేజీలో నీలి లైట్లు తప్ప మరో వెలుతురు లేదు, ఫ్రాగ్ అప్పటికే సంచిలో కట్టి సిద్ధంగా ఉంది. ఇంటికి తెచ్చి తెల్లని వెలుతురులో పెడితే అసలు సంగతి బయటపడింది. ఒక పక్క అంచు బ్లేడుతో తెగిన తీరున తిన్నగా ఉంది, ఆ అంచు పొడవునా లోపలి పాలిపోయిన కండ కనిపిస్తోంది, సంచిలోని నీళ్ళు జిగురుగా మారి కంపు కొడుతున్నాయి. ప్లగ్‌ను పట్టుకోవడం మాట అటుంచి, రబ్బరుబ్యాండు తీస్తే ముక్క ఊడి చేతిలోకి వచ్చింది.

సాఫ్ట్ కోరల్‌ను కోసి పెంచడంలో తప్పేమీ లేదు, మనమందరం చేసేదే. లెదర్ టోపీని, అంటే పైన గొడుగులా ఉండే భాగాన్ని, పదునైన బ్లేడుతో ముక్కలు చేసి, ఆ జారుడు ఒంటికి సూపర్ గ్లూ సరిగా అంటదు కనుక రాతిముక్క మీద వలగుడ్డతోనో రబ్బరుబ్యాండుతోనో బిగించి, నెమ్మదైన ప్రవాహంలో వదిలేస్తే, కొన్ని వారాలకు అంచు గుండ్రంగా ముడుచుకుని మూసుకుంటుంది, అడుగు రాయిని పట్టుకుంటుంది, పాలిప్‌లు (ఒంటి మీద పువ్వుల్లా ఉండే చిన్న జీవులు) మళ్ళీ విచ్చుకుంటాయి. మానిన ఫ్రాగ్‌కు మనం ఎక్కువ ధర ఇచ్చేది ఆ కొన్ని వారాల ఓపికకే. పైగా ఎల్లో ఫిజీ మామూలు టోడ్‌స్టూల్ లెదర్ అంత మొండిది కాదు. కోత మానకముందే సంచిలో పెట్టి ఊరు దాటిస్తే కుళ్ళడం వింత కాదు. కుళ్ళింది. గోధుమరంగు జిగురు అంచు నుంచి లోపలికి పాకింది, చెడినంతమేర కోసి అయొడిన్‌లో ముంచినా ఆగలేదు. గాయపడిన లెదర్ నీటిలోకి టెర్పీన్లు అనే, పక్క పగడాలకు పడని రసాయనాలు వదులుతుంది. అందువల్లనే కాబోలు, పక్కనున్న జోవాంథిడ్లన్నీ (పగడాల బంధువులైన చిన్న జీవులు) ముడుచుకుపోయాయి. యాక్టివేటెడ్ కార్బన్ వేసి, నీళ్ళు మారుస్తూ వాటిని నిలబెట్టుకునే పనిలో ఉన్నాను.

డబ్బు పోయినందుకు కాదు నా కోపం. కొనేముందు గ్యారంటీ సంగతి అడిగితే, "మనలో మనకు గ్యారంటీ ఏంటన్నా, మాటే గ్యారంటీ" అన్న మనిషి, పేపాల్‌లో ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ కింద పంపమని అడిగి పంపించుకున్న మనిషి, ఆ తెగిన అంచు ఫొటో పంపగానే ఏమన్నారో చూడండి: "శుక్రవారం రాత్రి కోశాను సార్, అయితే ఏంటి? మీరడిగింది ఫ్రాగే కదా, కొయ్యకుండా ఫ్రాగ్ ఎలా వస్తుంది?" దాని కింద ఒక నవ్వు బొమ్మ. ఒక్క రాత్రిలో ఆరు నెలలు గడిపిన ఆ ట్యాంకు నాకూ ఒకటి దొరికితే బాగుండును. ప్రకటనలోని వాక్యాన్ని తిరిగి పంపితే, ముందు నా నీళ్ళు పరీక్ష చేసుకోమన్నారు. చేసి పంపాను: స్పెసిఫిక్ గ్రావిటీ 1.025, ఆల్కలినిటీ 8.5 డీకేహెచ్, నైట్రేట్ 10 పీపీఎం, అన్నీ ఉండవలసినట్టే ఉన్నాయి. దానికి సమాధానం రాలేదు, నన్ను మాత్రం గ్రూపులోంచి తీసేశారు. అడ్మిన్ కూడా ఆయనే మరి. 140 డాలర్లకు బంధుత్వం కలుపుకున్న నా తెలివికి దండం పెట్టాలి. అదే తల్లి కోరల్ తాలూకు మిగతా ముక్కలు అదే పాత ఫొటోతో ఇంకా అమ్మకానికే ఉన్నాయని గ్రూపులో ఉన్న ఒక మిత్రుడు చెప్పారు.

కొనదలచినవారు తెల్లని వెలుతురులో తీసిన ఫొటోలు, అంచు, ప్లగ్ అడుగు కనిపించేలా, వారం ఎడంతో రెండు అడగండి. డబ్బు గూడ్స్ అండ్ సర్వీసెస్ కిందే పంపండి, ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీకి కొనుగోలుదారు రక్షణ వర్తించదు. గూడ్స్ అండ్ సర్వీసెస్‌కు పేపాల్ అమ్మేవారి దగ్గర తీసుకునే రుసుము మీరే భరిస్తామన్నా ఒప్పుకోకపోతే అక్కడితో వదిలేయండి.