పది వాట్ల మైక్రోబిటెక్స్ చాలదా?

హైదరాబాద్‌లో పుట్టిన ఈ మైక్రోబిటెక్స్ అనే చిన్న హామ్ రేడియో సెట్ 40 మీటర్ల బ్యాండ్‌లో (అంటే దాదాపు 40 మీటర్ల పొడవున్న రేడియో తరంగాల్లో) ఇచ్చేది దాదాపు 10 వాట్లే, అయినా మేడ మీద 20 మీటర్ల వైరుతో డైపోల్ (మధ్యలో రెండుగా చీల్చిన తీగ యాంటెన్నా) కట్టి కావలి నుంచి పిలిస్తే పొద్దున పూట బెంగళూరు వాళ్లు హాయిగా పలుకుతున్నారు. 100 వాట్ల సెట్ కొందామనుకునేవాళ్లు ముందు ఈ లెక్క చూడండి: పవర్ పది రెట్లు పెంచినా పెరిగేది 10 డెసిబెల్సే, అవతలివాళ్ల సెట్‌లో సిగ్నల్ బలం చూపే మీటరు మీద రెండు ఎస్ యూనిట్లు (ఆ మీటరు మీది మెట్లు) కూడా లేదు. ఆ డబ్బుతో యాంటెన్నా ఎత్తు పెంచుకోవచ్చు కదబ్బా!

ఉరుముల కాలంలో గరగరల మధ్య మాత్రం ఆ కాస్త తేడానే మాటను గట్టెక్కిస్తుంది, కాదనను. కానీ నా పెద్ద సెట్‌కి దాదాపు 20 ఆంపియర్లు పోయాలి, పైగా మైకు నొక్కితే పక్కింటి స్పీకర్లో గొరగొర. చిన్నదానికి స్కూటర్ బ్యాటరీ చాలు, కరెంటు పోయినా నడుస్తుంది.