హాఫ్ మూన్ బే గుమ్మడి పొలాలు: రెండేళ్ల పిల్లతో వెళ్లేవారికి

అక్టోబరు వస్తే, హాలోవీన్ పండగకు ముఖాలు చెక్కి పెట్టే గుమ్మడికాయల కోసం, కాలిఫోర్నియా బే ఏరియాలో (శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల) చిన్నపిల్లలున్న ఇళ్లలో సగం హాఫ్ మూన్ బే అనే సముద్రపు ఒడ్డు ఊరి దారి పడతాయి. రెండేళ్ల పాపతో, మచిలీపట్నం నుంచి వచ్చి ఉన్న మా అత్తయ్యగారితో మేమూ వెళ్లాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: పొలంలో ఆటలు ఎంత ఎక్కువగా ఉంటే, నడక కొత్తగా నేర్చిన పిల్లకు ఆ పొలం అంత తక్కువ పనికొస్తుంది.

మేముండేది ఫ్రీమాంట్. శాన్ మాటెయో వంతెన ఎక్కితే అదే 92వ నంబరు రోడ్డు, నేరుగా సముద్రం దాకా దింపుతుంది. చిక్కంతా చివరి కొండ దగ్గర. అక్కడ రోడ్డు సన్నబడి మెలికలు తిరుగుతుంది. అక్టోబరు శని, ఆదివారాల్లో పొద్దెక్కాక బయలుదేరితే పొలంలో గడిపేదానికన్నా కారులో కూర్చునేదే ఎక్కువ. ఇంకో మాట, పాలు పట్టి వెంటనే సీటులో కట్టేయకండి. ఆ మలుపుల్లో కడుపులో ఏదీ నిలవదు.

ఈ రద్దీ తప్పించుకుందామనే శుక్రవారం రాత్రికే వెళ్లి ఒక మోటెల్‌లో దిగాం. పాపకు తొట్టి మంచం ఇస్తామని ఫోనులో ఒప్పుకున్నారు. తీరా వెళ్లాక ఉన్న ఒక్కటీ ఇంకెవరికో ఇచ్చేశామన్నారు. పాప మా ఇద్దరి మధ్య అడ్డంగా పడుకుంది, మేం మంచం అంచుల్లో రాత్రంతా గడిపాం. గది శుభ్రంగానే ఉంది, మైక్రోవేవ్, చిన్న ఫ్రిజ్ ఉండబట్టి పప్పన్నానికి లోటు రాలేదు. అయినా అక్టోబరు వారాంతపు అద్దెకు అది తగిన గది కాదు. గంట ప్రయాణంలో ఉండేవారికి అసలు బస అవసరం లేదు. తెల్లవారుజామునే లేచి, పొలం తెరిచే వేళకు అక్కడుంటే చాలు. శాక్రమెంటో అంత దూరం నుంచి వచ్చేవారు మాత్రం ఆదివారం రాత్రి ఉండి సోమవారం చూసుకోవడం మేలు.

మొదట వెళ్లింది హంగులున్న పొలం. చిన్న రైలు, గాలి నింపిన ఎగిరే బొమ్మలు, ఎండుగడ్డి బండి సవారీ, మేకలకు మేత పెట్టే దొడ్డి, ఒక్కోదానికీ విడివిడిగా టికెట్టు. టికెట్లు కొన్నాక, వాటిలో సగానికి మా పాప ఎత్తు ఇంకా చాలదని తెలిసింది. గడ్డి మోపుల మీద స్పీకర్ల హోరు వేరే. పాప మాత్రం రైలుకేసి చూడనైనా చూడకుండా నేల మీద కూర్చుని గడ్డిపరకలు ఒక్కొక్కటే లాగి వాళ్ల నాయనమ్మ చేతిలో పెట్టింది, మహా దానం చేస్తున్నట్టు. స్ట్రోలర్ చక్రాలు గడ్డిలో కూరుకుపోతాయి, వీపుకు తగిలించుకునే సంచీ తీసుకెళ్లండి. మరుగుదొడ్లు అద్దెకు తెచ్చి నిలబెట్టిన ప్లాస్టిక్ గదులు. డైపరు మార్చే చోటు లేదు, మాకు కారు డిక్కీయే దిక్కయింది. చేతులు కడుక్కునే ఏర్పాటు మాత్రం బాగుంది.

ఒకటో నంబరు రహదారి మీద ఆగిన రెండో పొలం ఎక్కువ హడావిడి లేనిది. సముద్రం గాలి, మట్టి, వరుసలుగా పేర్చిన కాయలు, తోసుకుపోయే బండి, అంతే. పాప తన పిడికిట్లో పట్టే బుల్లి కాయలు ఏరి బండిలో వేసింది, మళ్లీ తీసి నేల మీద పెట్టింది, మళ్లీ వేసింది. మరే టికెట్టూ అక్కర్లేకపోయింది. కాయను తొడిమ పట్టుకుని ఎత్తనివ్వకండి. విరిగిందంటే కాయ అక్కడి నుంచే కుళ్లడం మొదలవుతుంది.

అత్తయ్యగారి దృష్టి వేరు. ఇన్ని కాయలు కోసుకుని, ముఖాలు చెక్కి పారేస్తారన్న సంగతి ఆమెకు మింగుడుపడలేదు. తెల్లగా ఉన్నదాన్ని చూసి గుమ్మానికి కట్టడానికి పనికొస్తుందన్నారు. అది తెల్ల రంగు గుమ్మడే తప్ప బూడిద గుమ్మడి కాదు. బూడిద గుమ్మడి కావాలంటే మన సరుకుల కొట్టుకే వెళ్లాలి. వంటకు కొనేవారికి నా సలహా: చెక్కడానికి పెంచే పెద్ద నారింజ రంగు కాయల్లో నీరు, పీచు ఎక్కువ, రుచి తక్కువ. షుగర్ పై అనే చిన్న రకం నయం. అన్నిటికన్నా సిండరెల్లా అనే రకం, చదునుగా, లోతైన చాళ్లతో, ఎర్రగా ఉండేది, మన తీపి గుమ్మడికి దగ్గర. దప్పళంలో ముక్క విడిపోకుండా ఉడికింది. ఆమె మెచ్చుకున్నది కూడా అదొక్కటే.

1971 నుంచి ఊరి మెయిన్ స్ట్రీట్‌లో గుమ్మడి పండగ జరుగుతోంది. అక్టోబరు రెండో సోమవారం భారీ కాయల తూకం పోటీ, తర్వాత వచ్చే శని, ఆదివారాల్లో సంబరం. 2023 పోటీలో గెలిచిన కాయ 2,749 పౌండ్లు, అంటే దాదాపు 1,247 కిలోలు. అప్పటికి అది ప్రపంచ రికార్డు. పెద్ద పిల్లలకు తప్పక చూపించండి. స్ట్రోలర్‌తో ఆ జనంలోకి వెళ్లమని మాత్రం నేను చెప్పను.

మధ్యాహ్నం స్టేట్ బీచ్ దగ్గర పులిహోర, పెరుగన్నం తిన్నాం. పార్కింగుకు రుసుముంది, పక్కనే ఉన్న తారు కాలిబాట మీద స్ట్రోలర్ హాయిగా సాగింది. నీళ్లు చల్లన, అలలు మొరటువి, పిల్లల్ని ఒడ్డుకు దూరంగానే ఉంచాలి. వేసవిలోకన్నా అక్టోబరులో ఇక్కడ ఎండ బాగానే కాస్తుంది. కానీ పొద్దుటి పొగమంచుకు, సాయంత్రం గాలికి స్వెటరు, చెవులు మూసే టోపీ కావలసిందే.

తిరుగు ప్రయాణంలో 92 నిండిపోయి కనిపిస్తే దాన్ని వదిలి ఉత్తరం వైపు తిరగండి. ఒకటో నంబరు రోడ్డు 2013లో తెరిచిన సొరంగాల గుండా పసిఫికా చేరుతుంది, అక్కడి నుంచి 280వ నంబరు రహదారి పట్టుకోవచ్చు. దూరం పెరుగుతుంది, కానీ బండి కదులుతూ ఉంటుంది. ఏడ్చే పిల్ల వెనక సీటులో ఉన్నప్పుడు నేనైతే ఆ దారే ఎంచుకుంటాను.